మా ఊరికే డ్యూటీ పడింది

అద్దంకి చేరేసరికి తెల్లవారుతోంది. వాన ఆగలేదు. మా లారీలు జూనియర్ కాలేజీ గ్రౌండ్లోకి దిగి, చక్రాలు బురదలో కూరుకుపోయి ఆగాయి. రబ్బరు బోట్లు, వాటి ఇంజన్లు, పెట్రోలు డబ్బాలు, తాళ్లు, వెదురు గడలు, లైఫ్ జాకెట్లు, స్ట్రెచర్లు, వైర్‌లెస్ సెట్లు. అన్నీ దింపాకే టీ అన్నారు మేజర్ సాబ్. దింపాం. టీ తాగాం. అందులో సగం వాననీళ్లే.

నేనప్పుడు ఆర్మీ ఇంజనీర్ కంపెనీలో నాయక్‌ని. తుపాను తీరం దాటి లోపలికొచ్చి, ఎటూ కదలకుండా మా మెట్ట మీదే కూర్చుంది. గుండ్లకమ్మ కట్టలు దాటింది. ఊళ్లకి బోట్లు కావాలని మా కంపెనీని పంపారు. అప్పటిదాకా నా సర్వీసంతా కాశ్మీర్లో, అరుణాచల్లో, రాజస్థాన్ ఇసుకలో గడిచింది. సొంత గడ్డ మీద డ్యూటీ పడుతుందని నేనెప్పుడూ అనుకోలేదు.

క్లాసురూములో బెంచీ మీద మ్యాపు పరిచారు. మేజర్ సాబ్ వేలు గుండ్లకమ్మ వెంట పడమటికి జరిగి ఒక చుక్క దగ్గర ఆగింది.

"ఈ ఊరికి దారి పూర్తిగా తెగిపోయింది. ఆ ప్రాంతం తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?"

"సర్, అది మా ఊరు," అన్నాను.

గదిలో అందరూ నవ్వారు. మా నర్సింగ్ అసిస్టెంటు, పంజాబీ సర్దార్, నా వీపు మీద ఒక్కటిచ్చాడు. "పెళ్లికొడుకు అత్తారింటికి వెళ్తున్నాడు!"

ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. ఆ చుట్టుపక్కలవాళ్లకి ఎలాగూ తెలుస్తుంది. మిగతావాళ్లకి పేరుతో పని లేదు, ఏ పేరైనా పెట్టుకోవచ్చు.

నేను మా ఊరు చూసి అప్పటికి పదేళ్లు దాటింది. అమ్మా నాన్నా పోయాక ఇల్లు అమ్మేశాం. సెలవులకి చీరాలలో మా ఆవిడ పుట్టింటికే వెళ్లేవాణ్ణి. కానీ బంకర్లలో కూర్చుని ఊరి గురించి చెప్పమంటే నా అంత చెప్పేవాడు లేడు. మిరపకాయలు ఆరబోసిన కల్లం ఎంత ఎర్రగా ఉంటుందో, కొత్త కారంతో వేడన్నం ఎలా ఉంటుందో, మా పెద్దనాన్న ఇంటికి పరాయివాడొచ్చినా అన్నం తినకుండా ఎలా వెళ్లలేడో కథలు కథలుగా చెప్పేవాణ్ణి. మా బోటు ఇన్‌చార్జి గఢ్వాలీ హవల్దార్. మంచు కొండల్లో రెండేళ్లు ఒకే బంకర్లో ఉన్నాం. ఆ కథలన్నీ ఆయనకి కంఠతా వచ్చు.

నార్కట్‌పల్లి రోడ్డు నీళ్లలో మునిగిన చోట బోటు దించాం. వెనక ఇంజను దగ్గర హవల్దార్. మధ్యలో సర్దార్, అతని పక్కన సెట్టు పట్టుకున్న మరాఠీ ఆపరేటర్. ముందు వెదురు గడతో నేను. దారి చూపడం, తెలుగు మాట్లాడటం నా పని. మేం నలుగురం కాక ఎనిమిది మందిని మించి ఎక్కించకూడదు. రోగులు, గర్భిణులు, పిల్లలు, ముసలివాళ్లు ముందు. అదీ ఆర్డరు.

చేలన్నీ ఒకే నీరు. పత్తి చెట్ల కొసలు మాత్రం పైకి కనిపిస్తున్నాయి. పగిలిన కాయల్లోంచి పత్తి జారి నీళ్లలో వేలాడుతోంది. మిరప తోటలు కనిపించనే లేదు. వాటి మొదళ్ల చుట్టూ పరిచిన ప్లాస్టిక్ షీట్లు లేచి, డ్రిప్పు పైపులతో చుట్టుకుని తేలుతున్నాయి. గట్లు, బాటలు, డొంకలు ఏవీ లేవు. పొగాకు బ్యారన్లే నాకు గుర్తులు. పొగాకుని వేడికి ఆరబెట్టడానికి కట్టిన ఎత్తయిన ఇటుక గదులవి. ఏ బ్యారన్ ఎవరిదో చిన్నప్పుడు తెలుసు. వాటిని చూసుకుంటూ, "ఎడమకి, ఇంకొంచెం ఎడమకి" అని హవల్దార్‌కి చెయ్యి ఊపుతూ వెళ్లాను.

మా ఊరు కాస్త మెరక మీద ఉంటుంది. కూలి పనులు చేసుకునేవాళ్ల కాలనీ మాత్రం వాగు వైపు పల్లంలో ఉంటుంది. ఊరికీ కాలనీకీ మధ్య ఒక డొంక. చిన్నప్పుడు ఆ డొంక దాటి నేనెన్నిసార్లు వెళ్లానా అని తర్వాత ఆలోచించాను. వెళ్లిన గుర్తే లేదు.

కాలనీ ఇళ్లు చూరు దాకా మునిగాయి. జనం పక్కనున్న బ్యారన్ కప్పు మీదున్నారు. పైన రేకులు జారుతుంటే తాళ్లతో ఒకరినొకరు కట్టుకుని కూర్చున్నారు. మేం నిచ్చెన ఆనించాం. నెలలు నిండిన ఒకమ్మాయిని ముందు దించాం. పేరు సునీత. వెనకే ఆమె అత్త మార్తమ్మ. ఇద్దరు పిల్లలతో ఒక తల్లి, చలికి వణికిపోతున్న ఒక ముసలాయన. మొత్తం ఆరుగురు. మిగతావాళ్లని, "మళ్లీ వస్తాం, కదలకండి," అని ఆపాను.

మార్తమ్మ నన్ను తేరిపార చూసింది.

"నువ్వు వెంకటేశ్వర్లుగారి అబ్బాయివి కాదూ? మీ చేలో కాయలు కోసేదాన్ని బాబూ. నువ్వు గట్టు మీద కూచుని ఏడుస్తుంటే బుజ్జగించేదాన్ని."

నాకామె గుర్తు రాలేదు. గుర్తొచ్చినట్టు తల ఊపాను.

అంతలో సెట్టు పలికింది. "బోట్ టూ, బోట్ టూ. ఊళ్లో రెండంతస్తుల డాబా మీద షుగర్ పేషెంటు. కాలు పుండు, జ్వరం. తీసుకురండి. ఓవర్."

ఊళ్లో రెండంతస్తుల డాబా ఒక్కటే. మా పెద్దనాన్నది. పేషెంటు మా పెద్దమ్మ అయి ఉండాలి. మా అమ్మ ఆస్పత్రిలో పడి ఉన్నన్నాళ్లు నాకు అన్నం కలిపి ముద్దలు పెట్టిన మనిషి.

వీధిలోకి బోటు తిప్పాం. డాబా మీద ఊరి జనం పాతికమంది దాకా ఉన్నారు. పెద్దనాన్న పిట్టగోడ దగ్గర తలకి తువ్వాలు చుట్టుకుని నిలబడ్డాడు. నన్ను గుర్తుపట్టగానే ఆయన గొంతు వీధంతా వినిపించింది.

"ఒరేయ్, మన వెంకటేశ్వర్లు కొడుకురా! శ్రీనుగాడు! మిలిటరీ వేసుకొచ్చాడు చూడండిరా!"

పైనున్నవాళ్లు చేతులూపారు. ఎవరో ఈల వేశారు. హవల్దార్ నన్ను చూసి మీసాల్లో నవ్వాడు. అబద్ధమెందుకు, నాకు ఛాతీ ఉప్పొంగింది. బోటు మెట్ల పక్కకి చేరింది. అప్పుడు పెద్దనాన్న బోటులో ఎవరున్నారో చూశాడు.

"వీళ్లనెందుకు ఎక్కించావురా?"

"బ్యారన్ మీదున్నారు పెద్దనాన్నా. ఈ అమ్మాయికి నెలలు నిండాయి. పెద్దమ్మని దించండి, చోటుంది."

"ముందు వీళ్లని దింపేసి రా. ఖాళీ బోటు తీసుకురా."

"రెండు చోట్లు ఖాళీగానే ఉన్నాయి పెద్దనాన్నా."

"చోటు సంగతి కాదురా నేను చెప్పేది. నువ్వు ఈ ఊళ్లో పుట్టినవాడివేగా. నీకు విడమర్చి చెప్పాలా?"

పైనున్నవాళ్లంతా వింటూనే ఉన్నారు. అందులో నాతో చదువుకున్నవాళ్లున్నారు. అందులో ఒకడు ఒంగోల్లో మాస్టారు. వాడు తల తిప్పుకుని, "ఇంకో ట్రిప్పులో వస్తాంలేరా, తొందరేముంది," అన్నాడు.

"ఏమంటున్నాడు?" అని హవల్దార్ అడిగాడు.

హిందీ నాకు పదహారేళ్లుగా తిండి భాష, నిద్ర భాష. ఆ నిమిషాన ఒక్క ముక్క నోటికి రాలేదు.

"ఏమంటున్నాడయ్యా? ఎందుకు దించరు?"

నేను వెదురు గడని చూస్తూ నిలబడ్డాను. జవాబు నా వెనక నుంచి వచ్చింది. శుభ్రమైన హిందీలో.

"మేం ఉంటే వాళ్లు ఎక్కరు సాబ్. మమ్మల్ని ఆ ప్రహరీ గోడ మీద దించండి. వాళ్లని దింపి మళ్లీ రండి."

సునీత. భర్త పూణేలో సెంట్రింగ్ పని. రెండేళ్లు ఆమె కూడా అక్కడే ఉండి వచ్చిందట. ఆ మాట అంటూనే ఒక చేత్తో పొట్ట పట్టుకుని, ఇంకో చెయ్యి బోటు అంచు మీద ఆనించి పైకి లేచింది. మార్తమ్మ కూడా లేచింది. పిల్లల తల్లి పిల్లల్ని చంకనేసుకుంది. వాళ్ల మొహాల్లో కోపం లేదు. బస్సులో కండక్టరు జరగమంటే జరిగేవాళ్ల మొహాలు అలాగే ఉంటాయి.

"కూర్చోండి," అన్నాడు హవల్దార్. "నా బోటులోంచి ఎవరూ దిగరు."

తర్వాత నావైపు చూశాడు. తిట్టలేదు. ఆ చూపులో ప్రశ్న కూడా లేదు. ఆపరేటర్ చేతిలోంచి సెట్టు తీసుకున్నాడు.

"బేస్, బోట్ టూ. పేషెంటుని ఎక్కించడం ఆలస్యమవుతోంది. ఓవర్."

"కారణం? ఓవర్."

హవల్దార్ బటన్ నొక్కి పట్టుకుని ఒక క్షణం ఆగాడు.

"భాష సమస్య. ఓవర్."

"మీ దగ్గర తెలుగు జవాన్ ఉన్నాడు కదా? ఓవర్."

"ఉన్నాడు. ఓవర్."

నేను నీళ్లలోకి దూకి మెట్లెక్కాను. సర్దార్ నా వెనకే వచ్చాడు. పెద్దమ్మ టార్పాలిన్ కింద నులక మంచం మీదుంది. కాలికి పాత చీర ముక్క చుట్టారు. దగ్గరికి వెళ్లకముందే వాసన వచ్చింది. సర్దార్ గుడ్డ విప్పి చూసి మళ్లీ కప్పాడు. "ఇవాళే ఆస్పత్రికి వెళ్లాలి. రేపైతే కాలు తీసేస్తారు. ఎల్లుండైతే అదీ అక్కర్లేదు."

ఆ మాట తెలుగులో చెప్పాను. పెద్దనాన్న నన్ను పక్కకి లాగాడు. గొంతు తగ్గించాడు.

"నువ్వు మా వాడివి కాబట్టి చెప్తున్నా. వరద నాలుగు రోజులుంటుంది, పోతుంది. మేం ఇక్కడే బతకాలి. రేపు పదిమందిలో ఏం మొహం పెట్టుకుని తిరగమంటావు?"

"కాలు పోతుంది పెద్దనాన్నా."

"అందుకే గదరా ఖాళీ బోటు తెమ్మంటున్నా! గంటే గదా!"

ఆయనకి పెద్దమ్మంటే ప్రాణం. వరదొచ్చిన రెండు రాత్రులూ ఆమె మీద గొడుగు పట్టుకుని కూర్చున్నది ఆయనే. అది కూడా చెప్పాలి.

మంచం మీంచి పెద్దమ్మ పిలిచింది. "శ్రీనూ. నేనెక్కుతానురా. నాకు చావాలని లేదు."

పెద్దనాన్న మొహం అటు తిప్పుకున్నాడు. నేను వంగాను. పెద్దమ్మ నా మెడ చుట్టూ చేతులేసింది. వీపు మీద మోసుకుంటూ మెట్లు దిగాను.

ఆమెని బోటు ముందు భాగంలో కూర్చోబెట్టాను. కూర్చున్న వెంటనే చీర చెంగు దగ్గరికి లాక్కుని మోకాళ్ల కింద దోపుకుంది. అది చూసి కాలనీవాళ్లు ఎవరూ చెప్పకుండానే వెనక్కి జరిగారు. ఆరుగురూ ఇంజను దగ్గర ఒకరి మీద ఒకరు పడి కూర్చున్నారు. బోటు వెనక్కి ఒరిగింది. నీళ్లు లోపలికొచ్చాయి.

"అందరూ వెనక్కెందుకు వస్తున్నారు? మునుగుతాం! మధ్యలోకి రమ్మని చెప్పు!" హవల్దార్ అరిచాడు.

"మధ్యలోకి రండి," అన్నాను. వాళ్లు నన్ను చూడలేదు. పెద్దమ్మని చూశారు. ఆమె తల వంచుకుంది. అప్పుడు సునీత ఒక్కతే లేచి వచ్చి మధ్యలో కూర్చుంది. మిగతావాళ్లు కొంచెం కొంచెం జరిగారు.

ఊరు దాటి వాగు పాత మలుపు దగ్గరికి వచ్చేసరికి ఇంజను ఆగిపోయింది. మిరప చేల ప్లాస్టిక్ షీటు ఫ్యానుకి చుట్టుకుంది. ప్రవాహం బోటుని పట్టి గిరగిరా తిప్పింది. ముందు కరెంటు స్తంభం, దాని మీంచి వేలాడే తీగలు. నేను వెనక్కి పాకి, హవల్దార్ నా బెల్టు పట్టుకుంటే నీళ్లలోకి వేలాడుతూ కత్తితో షీటు కోశాను. సర్దార్ గడతో స్తంభాన్ని నెట్టాడు. పిల్లలు ఏడుస్తున్నారు. ముసలాయన దేవుణ్ణి పిలుస్తున్నాడు. ఇంజను మూడోసారి లాగితే అందుకుంది.

తల ఎత్తి చూస్తే పెద్దమ్మ రెండు చేతులతో సునీత మణికట్టు పట్టుకుని ఉంది. సునీత రెండో చెయ్యి ఆమె భుజం చుట్టూ ఉంది. "ఏం కాదమ్మా, ఏం కాదు. నన్ను పట్టుకోండి," అంటోంది. పెద్దమ్మ ఒడ్డు దాకా ఆ చెయ్యి వదల్లేదు. నాకు నిజంగా సంతోషమేసింది. వరద మంచి పనే చేసిందనుకున్నాను.

రోడ్డు మీద అంబులెన్సు సిద్ధంగా ఉంది. పెద్దమ్మని స్ట్రెచర్ మీద పడుకోబెట్టాం. సర్దార్ సూది మందు ఇచ్చాడు. నేను పక్కన వంగితే ఆమె రెండు చేతులూ నా ముందు చాపింది.

"కాస్త నీళ్లు పొయ్యరా శ్రీనూ చేతుల మీద."

బురదేమీ లేదు ఆ చేతులకి. శుభ్రంగా ఉన్నాయి. ఎందుకు అడిగిందో నాకు తెలుసు. అక్కడున్న తెలుగువాళ్లందరికీ తెలుసు. మంచినీళ్లకి ఆ రోజు కటకట. మనిషికో బాటిలిచ్చి పొదుపుగా తాగమన్నారు.

నేను నడుముకున్న బాటిలు తీసి మూత విప్పి పోశాను.

ఎందుకు పోశానో చాలాసార్లు ఆలోచించాను. పెద్దావిడ, జ్వరంలో ఉంది, కాదనకూడదని పోశానని చెప్పుకోవచ్చు. అంత ఆలోచన కూడా లేదు. ఆమె చేతులు చాపింది, నా చేతులు కదిలాయి. మోకాళ్ల లోతు మంచులో నడిచినా, ఏ కులంవాడో ఏ మతంవాడో అడక్కుండా ఒకే పళ్లెంలో తిని బతికినా, నా చేతులకి ముందు నేర్పిన చదువు అలాగే ఉంది.

నీళ్లు పోసి తల తిప్పితే సునీత కనిపించింది. పక్కనున్న జీపు మెట్టు మీద కూర్చుని తన మణికట్టు రుద్దుకుంటోంది. పెద్దమ్మ గోళ్ల గుర్తులు ఎర్రగా తేలాయి. నన్నూ, నా చేతిలో బాటిల్నీ చూసింది. జీపు ఆమెని అద్దంకి ఆస్పత్రికి తీసుకెళ్లింది. అంబులెన్సు ఒంగోలు వెళ్లింది.

మేం పెట్రోలు పోసుకుంటుంటే హవల్దార్ బీడీ వెలిగించాడు. "మా కొండల్లోనూ ఇంతే," అన్నాడు. "నీకెప్పుడూ చెప్పలేదు." తిట్టి ఉంటే బాగుండేది. సాయంత్రం మేజర్ సాబ్ అడిగారు, "భాష సమస్య తీరిందా?" అని. "తీరింది సర్," అన్నాను.

తర్వాత వారమంతా అదే పని. బ్యారన్ మీదివాళ్లని తెచ్చాం. డాబా మీదివాళ్లని తెచ్చాం. డాబావాళ్లు ఖాళీ బోట్లలోనే వచ్చారు. పెద్దనాన్న నాతో మాట్లాడలేదు. అందర్నీ అద్దంకిలో ఒక స్కూల్లో ఉంచారు. ఎవరూ గీత గీయలేదు, ఎవరూ ఆర్డరివ్వలేదు, కానీ మధ్యాహ్నానికల్లా ఎవరి గదులు వాళ్లవైపోయాయి. మా వంటవాడు బీహారీ, ఒకే డేగిసాలో కిచిడీ వండి రెండు లైన్లు ఎందుకని నన్ను అడిగాడు. ఈసారి జవాబు చెప్పాను. వాడు గరిటె పట్టుకుని కాసేపు నావైపే చూసి, "అచ్ఛా," అన్నాడు. నేను గొప్పగా చెప్పిన ఊరి కథలు వాడు కూడా విన్నవాడే.

పెద్దమ్మ కాలు నిలిచింది. వేళ్లు రెండు తీసేశారు. ఇప్పటికీ ఫోన్ చేస్తే, "నీ పుణ్యమేరా నేను తిరుగుతున్నది," అంటుంది. నేను మాట మారుస్తాను.

వాన వెలిసింది. నీళ్లు తీశాయి. చేలల్లో పత్తి నల్లగా మగ్గి వాసన కొట్టింది. మాకు తిరుగు ప్రయాణం ఆర్డరొచ్చింది. బయల్దేరేముందు స్కూలుకి వెళ్లాం, మిగిలిన మందులు, టార్పాలిన్లు అప్పజెప్పడానికి. వరండా చివర సునీత కూర్చుని ఉంది. ఒళ్లో తెల్లటి తువ్వాల్లో చుట్టిన పాప. మేం దించిన మర్నాడే పుట్టిందట.

మార్తమ్మ మమ్మల్ని చూసి ఎదురొచ్చింది. "రండి బాబూ, రండి. మీరు తెచ్చిన పిల్లే." సునీత నవ్వి పాపని హవల్దార్ చేతులకిచ్చింది. ఆయన బోటు నడిపే బండ చేతుల్లో పాపని పదిలంగా పట్టుకుని ఏదో గఢ్వాలీ పాట గొణిగాడు. అక్కణ్ణుంచి సర్దార్ అందుకున్నాడు. పాప పిడికిలి అతని గడ్డంలో చిక్కుకుంది. వరండా అంతా నవ్వింది. ఆపరేటర్ కూడా ఎత్తుకుని నుదుటి మీద ముద్దు పెట్టాడు. తర్వాత పాపని మళ్లీ తల్లి చేతుల్లో పెట్టాడు.

నేను టోపీ తీసి చంకలో పెట్టుకుని చేతులు చాపాను.

సునీత నా చేతులవైపు చూసింది. ఒక్క క్షణమే. తర్వాత తువ్వాలు అంచు పాప భుజం మీదికి లాగి గుండెకి దగ్గరగా హత్తుకుంది.

"నిద్రపోతోంది సార్," అంది. "కదిపితే లేస్తుంది."

గౌరవంగానే అంది. నేను సరేనని తల ఊపి చేతులు వెనక్కి తీసుకున్నాను. హవల్దార్ నా భుజం మీద చెయ్యి వేసి లారీవైపు నడిపించాడు.

తర్వాత మూడేళ్లు సర్వీసు చేసి రిటైరై వచ్చేశాను. చీరాలలో ఉంటున్నాను. స్కూళ్లలో పిలిచి వరద డ్యూటీ గురించి చెప్పమంటారు. ప్రవాహంలో ఇంజను ఆగిపోయింది చెప్తాను. కత్తితో షీటు కోసింది చెప్తాను. పిల్లలు చప్పట్లు కొడతారు. మా ఊరు ఏదని అడుగుతారు. అక్కడ ఆపేస్తాను.

ఆ పాప కళ్లు తెరుచుకునే ఉన్నాయి. నల్లగా, రెప్ప వాల్చకుండా, తువ్వాల్లోంచి నన్నే చూస్తున్నాయి.